నిదానమే ప్రధానము: ఒక పాత మోటారుబండి చెప్పిన పాఠము



మన పాఠశాల వార్షిక సంచికకు ఏటేట నేనొక నీతివ్యాసము వ్రాయుట ఆచారమైనది. మీలో పలువురు దానిని చదువకయే పుట త్రిప్పుదురని నాకు తెలియును. ఈ సారి ఒక యంత్రమును గూర్చి వ్రాయుచున్నాను. ఇందు నీతి యేమైన నున్నచో అది యంత్రము చెప్పినదే గాని నేను చెప్పినది కాదు.

"నిదానము" అను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. తొందరపాటు లేకుండుట యొకటి. వైద్యులు రోగమునకు మూలకారణమును కనుగొనుట రెండవది. ఈ రెండర్థములు ఒకే మాటలో నేల యిమిడినవో నాకు ఏబది యేండ్లు దాటిన పిదప, ఒక పాత కారు ముందర కూర్చుండినప్పుడు తెలిసినది.

మా తండ్రిగారికి నెల్లూరులో 1968వ సంవత్సరపు ఫియట్ 1100 కారుండెను. అందలి ఇంజను 1089 ఘన సెంటీమీటర్లది. నాలుగు సిలిండర్లు గలది. మా తండ్రిగారు 2023లో కాలధర్మము నొందిరి. మా అమ్మగారు బెంగళూరునకు మా యింటికి వచ్చిరి. మరుసటి సంవత్సరము కారును లారీపై తెప్పించితిని. నెల్లూరులో సాయంకాలము వీధి మలుపున ఆ బండి చప్పుడు వినబడగానే మా అమ్మగారు కాఫీకి నీళ్లు పెట్టెడివారు. బెంగళూరులో మొదటి దినమున నేను ఇంజను నడిపించినప్పుడు ఆమె వసారాలో నిలిచి విని, "ఇది ఆయన బండి చప్పుడు కాదు నాయనా" అని లోనికి వెడలిపోయెను.

ఆమె చెవి తప్పు చెప్పలేదు. ఇంజను నిలుకడగా నడువక కుంటుచుండెను. కూడలిలో ఆగినచో దడదడలాడి ఆరిపోవును. వేగము పెంచబోయినచో కార్బ్యురేటరు తుమ్మినట్లు శబ్దము చేయును. ఒక మరమ్మతుశాలకు కొనిపోయితిని. వారు, "బెంగళూరు ఎత్తైన ప్రదేశము, ఇచ్చట చిన్న జెట్టు వేయవలెను" అని వేసిరి. బాధ హెచ్చినది. పిమ్మట పీడనమును కొలిచి, "పుస్తకములో నున్నంత లేదు, ఇంజను విప్పి రింగులు, వాల్వులు మార్చవలెను" అనిరి. దానికి చెప్పిన వెల నా రెండు నెలల జీతమునకు మించినది. మా తమ్ముడు ఫోనులో, "అన్నయ్యా, గుజరీకి ఇచ్చేద్దాం. ఎన్నాళ్లని లాగుతావు?" అనెను. ఒక నెల గడువు అడిగితిని.

ఇంజనుకు కావలసినవి మూడు

పెట్రోలు ఇంజను నడచుటకు మూడు వస్తువులు చాలును: తగు పాళ్లలో కలిసిన గాలి పెట్రోలుల మిశ్రమము, దానిని అదుముటకు తగిన పీడనము, సరియైన క్షణమున నిప్పురవ్వ. నాలుగు సిలిండర్లలోను ఈ మూడును సమముగా నున్నచో ఇంజను సాఫీగా నడచును. కుంటుచున్నదనగా ఈ మూడింటిలో నేదో యొకటి లోపించిన దన్నమాట. నూరు భాగములున్న యంత్రమైనను మన ప్రశ్నలు మూడే.

ఈ మూడింటిలో మిశ్రమమును సిద్ధపరచునది కార్బ్యురేటరు. నేటి కార్లలో దాని స్థానమున కంప్యూటరు ఆజ్ఞతో పెట్రోలు చిమ్ము సాధనములు వచ్చినవి. కార్బ్యురేటరులో కంప్యూటరు లేదు. 1738లో బెర్నూలీ తన గ్రంథమున ప్రకటించిన సూత్రమే కలదు. గాలి పోవు గొట్టము ఒకచోట సన్నముగా నుండును. అచ్చట గాలి వేగము హెచ్చి పీడనము తగ్గును. తొట్టిలోని పెట్రోలుపై బయటి గాలి పీడన మధికముగా నున్నందున, పెట్రోలు జెట్టను సన్నని రంధ్రము ద్వారా పైకి వచ్చి, గాలిలో తుంపరలై కలిసిపోవును. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. పెట్రోలు ఎక్కువైనచో మిశ్రమము చిక్కనిదనియు, తక్కువైనచో పలుచనిదనియు అందుము.

బెంగళూరు గాలి, నేటి పెట్రోలు

మన నగరము సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున నున్నది. నెల్లూరులో గాలి పీడనము 76 సెంటీమీటర్ల పాదరసమునకు సమానమైనచో, ఇచ్చట సుమారు 68 మాత్రమే. అనగా ఒకే ఘనపరిమాణములో గాలి బరువు రమారమి పదింట ఒక వంతు తక్కువ. కావున నెల్లూరులో సరిచేసిన బండి ఇచ్చటికి వచ్చినచో మిశ్రమము చిక్కబడును. ఎంత చిక్కబడును? పదింట ఒక వంతు అని పలువురు చెప్పుదురు. అది సరికాదు.

లెక్క చూడుడు. ఇంజను పీల్చు గాలి ఘనపరిమాణము మారదు. కావున సన్నని గొంతులో గాలి వేగమును మారదు. అయితే గాలి తేలికైనందున అచ్చట కలుగు పీడనవ్యత్యాసము పదింట ఒక వంతు తగ్గును. పెట్రోలు ప్రవాహము ఆ వ్యత్యాసముయొక్క వర్గమూలము ననుసరించును గాన, అది ఇరువదింట ఒక వంతు తగ్గును. గాలి పదిశాతము తగ్గి, పెట్రోలు అయిదు శాతము తగ్గినది. కావున మిశ్రమము సుమారు అయిదు శాతము మాత్రమే చిక్కబడినది. వర్గమూలము మీకు గణితపరీక్షలో మాత్రమే పనికివచ్చునని యనుకొనవలదు.

ఇక రెండవ సంగతి. 2023 ఫిబ్రవరి 6వ తేదీన మన బెంగళూరులోనే జరిగిన ఇండియా ఎనర్జీ వీక్ సభలో, ఇరువది శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు విక్రయము ప్రారంభింపబడినది. ఇథనాలులో ప్రాణవాయువు ముందే యున్నందున, అది కాలుటకు తొమ్మిది పాళ్ల గాలి చాలును. ఇరువది శాతము కలిసిన పెట్రోలుకు సుమారు 13.5 పాళ్లు చాలును. పాత కార్బ్యురేటరునకు ఈ సంగతి తెలియదు. అది మునుపటి వలెనే గాలి నిచ్చును. అందుచే మిశ్రమము సుమారు ఎనిమిది శాతము పలుచబడును.

ఎత్తు అయిదు శాతము చిక్కబరచినది. ఇథనాలు ఎనిమిది శాతము పలుచబరచినది. అనగా మా బండి బెంగళూరులో పాత జెట్టుతో నున్నను మిశ్రమము కొంచెము పలుచగానే యుండును. అట్టిదానికి మరల చిన్న జెట్టు వేయుట, ఉపవాసమున్నవానికి పథ్యము పెట్టినట్లయినది. మరమ్మతుశాలవారు చెప్పిన సూత్రము పూర్వకాలమున నిజమే. పెట్రోలు మారినప్పుడు సూత్రమును మరల పరీక్షించుకొనవలెను.

పీడనము మాటయు నిట్టిదే. సముద్రతీరమున కొలమానములో 130 పౌండ్లు చూపు ఇంజను, మన యూరిలో సుమారు 117 మాత్రమే చూపును. సిలిండరు పీల్చు గాలియే పలుచనిదైనప్పుడు, అదిమిన పిదప మాత్రము అంత పీడన మెట్లు వచ్చును? పుస్తకములోని అంకెకు తక్కువైనందున రింగులు అరిగినవని తీర్మానింపరాదు. నాలుగు సిలిండర్ల అంకెలు ఒకదానికొకటి దగ్గరగా నున్నవా యని చూడవలెను.

నేను చేసిన తప్పు

ఇంత శాస్త్రము తెలిసియు నేను మొదట చేసినది తప్పే. ఒక ఆదివారమున జె.సి. రోడ్డులోని విడిభాగముల అంగళ్లకు పోయి, క్రొత్త ప్లగ్గులు, క్రొత్త పాయింట్లు, కండెన్సరు తెచ్చి, అన్నియు ఒకేపూట మార్చి, పనిలో పనిగా మిశ్రమపు మరను కూడ త్రిప్పితిని. ఇంజను త్వరగా అందుకొనెను గాని నిలుకడ మరింత చెడినది. ఏ మార్పు మేలు చేసినదో, ఏది కీడు చేసినదో చెప్పుటకు వీలులేకపోయెను. నాలుగు మందులు ఒక్కసారి మ్రింగించిన వైద్యునకు రోగమును తెలియదు, మందును తెలియదు.

మరునాడు పాత వస్తువులన్నియు యథాస్థానమున నుంచితిని. ఒక నోటుపుస్తకము తెరచితిని. ఒక్కసారికి ఒక్క మార్పు. దాని ఫలితము వ్రాసిన పిమ్మటనే రెండవ మార్పు. ఈ నియమమును పెట్టుకొన్న దినముననే నా నిదానము ప్రారంభమైనది.

పరీక్షాక్రమము

మొదటి పరీక్ష పీడనము. ఇంజను వేడెక్కిన పిదప నాలుగు ప్లగ్గులు తీసి, గాలిద్వారము పూర్తిగా తెరచి కొలిచితిని. 117, 115, 118, 116 పౌండ్లు వచ్చినవి. నాలుగును సమానప్రాయములు. కావున రింగులు, వాల్వులు నిర్దోషులు. ఇంజను విప్పవలసిన పని లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టినది.

రెండవ పరీక్ష సిలిండర్లు. ఇంజను నెమ్మదిగా నడచుచుండగా, ఒక్కొక్క ప్లగ్గు తీగెను ఒక్కొక్క క్షణము వేరుచేసితిని. ఏ తీగె తీసినప్పుడు చప్పుడులో మార్పు రాదో ఆ సిలిండరు పని చేయుట లేదని గ్రహింపవలెను. మా బండిలో నాలుగింటికిని వేగము సమముగా తగ్గినది. అనగా దోషము ఏ యొక్క సిలిండరులోను లేదు. నాలుగింటికి ఉమ్మడిగా నున్న దానిలో కలదు. ఈ పరీక్షను మీరు చేయరాదు. ఆ తీగెలలో వేలకొలది వోల్టుల విద్యుత్తు ప్రవహించును. తెలిసిన పెద్దలు, రబ్బరుపిడి పట్టుకారుతో చేయవలసినది.

మూడవ పరీక్ష నిప్పురవ్వ. పాయింట్ల నడుమ ఎడము, రవ్వ పుట్టు క్షణము కొలిచి చూచితిని. పాయింట్లపై చిన్న గుంటలుండెను, వానిని శుభ్రపరచితిని. ఇంజను మేలుగా అందుకొనెను గాని కుంటుట మానలేదు. రవ్వ బలహీనమైనచో ఎత్తు ఎక్కునప్పుడు, బరువు లాగునప్పుడు బాధ హెచ్చవలెను. మా బండికి నిలిచియున్నప్పుడే బాధ ఎక్కువ. కావున అనుమానము మిశ్రమముపైకి మరలినది.

నాలుగవ పరీక్ష చోకు. చోకును సగము లాగగానే ఇంజను నిలుకడగా నడచెను! చోకు గాలిని అడ్డగించి మిశ్రమమును చిక్కబరచును. చిక్కబరచినప్పుడు రోగి తేరుకొనెనన్నచో, మిశ్రమము పలుచనైనదన్నమాట. ప్లగ్గులును అదే సాక్ష్యమిచ్చినవి. సరియైన మిశ్రమము గల ఇంజనులో ప్లగ్గు మొన పాలు కలిసిన కాఫీ రంగున నుండును, చిక్కనిదైనచో మసిబారును. మా ప్లగ్గులు సున్నము పూసినట్లు తెల్లబారియుండెను.

పలుచనగుటకు కారణములు రెండే: పెట్రోలు చాలకపోవుట, లేదా దొంగదారిని గాలి చొరబడుట. మెల్లని నడకకు పెట్రోలు నిచ్చు చిన్న జెట్టును తీసి ఊది శుభ్రపరచితిని. తొట్టిలో మట్టము సరిగా నున్నది. మార్పు లేదు. మిశ్రమపు మరను ఎటు త్రిప్పినను ఇంజను లక్ష్యపెట్టలేదు. మర మాట వినకున్నదనగా, గాలి దాని యేలుబడిలో లేని మార్గమున వచ్చుచున్నదని అర్థము.

గాలి చొరబాటు మెల్లని నడకలోనే ఎక్కువగా బాధించుటకు కారణము గలదు. అప్పుడు గాలిద్వారము మూయబడియుండును. లోపల శూన్యత మిక్కిలి హెచ్చుగా నుండును. ఇంజను పీల్చు గాలియే కొంచెము. ఆ కొంచెములో దొంగగాలి పెద్ద భాగమగును. వేగమున ద్వారము తెరచుకొని శూన్యత తగ్గును. గాలి వెల్లువగా వచ్చును. అందు దొంగగాలి లెక్కకు రాదు. చిన్న కుటుంబమున నలుగురు అతిథులు బరువు. పెండ్లి పందిరిలో కారు.

దొరికిన దొంగ

గాలి ఎక్కడ చొరబడుచున్నదో రెండు దినములు వెదకియు నాకు దొరకలేదు. మూడవ దినమున మన పాఠశాల తొమ్మిదవ తరగతి బాలుడొకడు సెలవుచీటీపై సంతకమునకు మా యింటికి వచ్చెను. వాని తండ్రి కలాసిపాళ్యములో మెకానిక్కు. ఆ బాలునకు అర్ధసంవత్సర పరీక్షలో భౌతికశాస్త్రమున తక్కువ మార్కులు వచ్చినందున, పది దినముల క్రిందటనే నేను వానిని అందరి యెదుట మందలించి యుంటిని. వాడు కొంతసేపు ఇంజనును విని, "మాస్టారూ, ఒక రబ్బరు గొట్టం ఇస్తారా?" అని యడిగెను. గొట్టపు ఒక కొనను చెవిలో నుంచుకొని, రెండవ కొనను ఒక్కొక్క అతుకు వద్ద నుంచి వినుచు పోయెను. కార్బ్యురేటరు పీఠము వద్ద ఆగి, "ఇదిగో, ఇక్కడ ఈల వేస్తోంది" అనెను.

ఆ యతుకుపై రెండు చుక్కలు ఇంజను నూనె విడిచితిని. నూనె లోనికి పీల్చుకొనబడినది. ఒక క్షణము చప్పుడు మారినది. దొంగ దొరికెను.

ఇంజనును ఆపి, చల్లారిన పిదప కార్బ్యురేటరును విప్పి, దాని పీఠమును గాజుపలకపై నుంచితిని. నడుమ భాగము ఉబ్బి, మరలున్న రెండు కొనలు వంగియుండెను. బండి ఏండ్లతరబడి నిలిచిన కాలమున అతుకులోని గాస్కెట్టు ఎండి పొడియైనది. దానిని మార్చుటకు బదులు ఎవరో మరలనే బిగించి బిగించి, మెత్తని లోహమును వంచిరి. బిగించినకొలది సందు పెరిగినది. గాజుపలకపై గరుకుకాగితము పరచి, పీఠమును సమతలమగువరకు ఓర్పుతో రుద్దితిమి. క్రొత్త గాస్కెట్టు వేసి, రెండు మరలను ఒకదాని తరువాత నొకటి కొంచెము కొంచెముగా సమముగా బిగించితిమి. అటుపిమ్మట, వేరొక దినమున, పాత ప్రధాన జెట్టును మరల నుంచితిని. తుమ్ములు ఆగినవి. ఇథనాలునకు పాత రబ్బరు చెడునని, పెట్రోలు గొట్టములను దానికి తట్టుకొను క్రొత్తవానితో మార్పించితిని. మొత్తము వ్యయము మరమ్మతుశాలవారు చెప్పినదానిలో ఇరువదవ వంతు కాలేదు.

"గాలి లోపలికి ఎందుకు పోవుచున్నది?" అని ఆ బాలు నడిగితిని. "లోపల వత్తిడి తక్కువ, బయట ఎక్కువ కదా మాస్టారూ" అనెను. పరీక్షలో అడిగిన ప్రశ్నయు అదే. అక్కడ మేము పుస్తకమున నున్న వాక్యము నడిగితిమి. వానికి తెలిసినది ఆ వాక్యము కాదు, విషయము. నేను ఇంజనుకు చేసిన నిదానమును వానికి చేయలేదు. ఒక్క అంకెను చూచి రింగులు అరిగినవన్న మరమ్మతుశాలకును, ఒక్క మార్కును చూచి బాలునకు బుద్ధి చాలదన్న నాకును భేదమేమి? మరుసటి వారము అదే తరగతిలో, మందలించిన చోటనే, గొట్టముతో వినుట ఎట్లో వానిచేతనే పాఠము చెప్పించితిని.

మన యూరు, మన విద్య

ఈ విద్య మన నగరమునకు క్రొత్తది కాదు. ఆంధ్రదేశములోని మోక్షగుండము పూర్వులయూరుగా గల విశ్వేశ్వరయ్యగారు 1930 దశకమున బెంగళూరులో కార్ల కర్మాగారము నెలకొల్ప యత్నించిరి. ఆనాటి పరిస్థితులలో అది నెరవేరలేదు. ఆ యత్నములో పాల్గొనిన వాల్‌చంద్ హీరాచంద్‌గారు 1940లో బెంగళూరున విమాన కర్మాగారమును, 1944లో బొంబాయిలో ప్రీమియర్ కార్ల సంస్థను స్థాపించిరి. మా తండ్రిగారి ఫియట్ ఆ ప్రీమియర్ సంస్థలో తయారైనదే. ఆడుగోడిలోని మైకో కర్మాగారము స్పార్కు ప్లగ్గులకు పేరుపొంది, 2008లో బాష్ అను పేరు ధరించినది. కస్తూర్బా రోడ్డులో 1962లో ప్రారంభమైన విశ్వేశ్వరయ్య మ్యూజియములో ఇంజనులను విప్పి చూపు విభాగము గలదు. సెలవులలో తప్పక చూడుడు.

తెలుగుమాధ్యమమున చదివినవారికి యంత్రవిద్య అబ్బదని తలచువారు కొందరు గలరు. పైన చెప్పిన పరీక్షలన్నియు మన భాషలోనే ఆలోచించి చేసితిమి. ఇంజను ఏ భాషయు అడుగలేదు.

జాగ్రత్తలు: ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాసన లేని విషవాయువు గలదు, మూసిన గదిలో ఇంజను నడుపరాదు. తిరుగు ఫ్యాను దగ్గరకు ఓణీ, కండువా పోనీయరాదు. గాలి చొరబాటును కనుగొనుటకు పెట్రోలు చిమ్మరాదు.

అన్నియు ముగిసిన సాయంకాలము బండిని వీధి మలుపువరకు కొనిపోయి, మరలి వచ్చి, ఇంటి ముందు ఆపితిని. ఇంజను నెమ్మదిగా, సమముగా నడచుచునే యుండెను. మా అమ్మగారు వసారాలోనికి వచ్చి కొంతసేపు నిలిచెను. ఏమియు అనలేదు. లోనికి పోయెను. కొంతసేపటికి వంటింట కాఫీగిన్నె చప్పుడు వినబడినది.

అభ్యాసము

1. చోకు లాగగా ఇంజను మరింత కుంటినచో, మిశ్రమము ఎట్టిదని ఊహింతువు? ఎందుకు?
2. గాలి సాంద్రత ఇరువది శాతము తగ్గిన ఎత్తైన ప్రదేశమున మిశ్రమము సుమారు ఎంత చిక్కబడును? వర్గమూలము నుపయోగించి కట్టుము.
3. మీ యింట చెడిన యొక వస్తువును తీసికొని, దానికి కావలసినవి ఏవో మొదట వ్రాసి, ఒక్కొక్కటిగా పరీక్షించి, ఫలితములను తేదీలతో నోటుపుస్తకమున వ్రాయుము. విద్యుత్తుతో నడచు వస్తువైనచో పెద్దల సమక్షమున మాత్రమే ముట్టుము.